మానసిక ఆరోగ్య కార్యకర్తల ప్రాథమిక శిక్షణ

మానసిక ఆరోగ్య కార్యకర్తల ప్రాథమిక శిక్షణ అనగా మనోవైద్యులు, క్లినికల్ సైకాలజిస్టులు వంటి నిపుణులు కానివారిని మానసిక ఆరోగ్య సేవలలో తొలిమెట్టు పనులకు సిద్ధపరచే శిక్షణ. మానసిక వైద్యశాలల వార్డులలో రోగుల మంచిచెడ్డలు చూసే సహాయకులు, గ్రామాలలోని ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో పనిచేసే సామాన్య సలహాదారులు (లే కౌన్సెలర్లు), టెలిఫోను సహాయ కేంద్రాలలో మాట్లాడేవారు ఈ శిక్షణ పొందేవారిలో ముఖ్యులు. వీరు వ్యాధి నిర్ధారణ చేయరు, మందులు వ్రాయరు. బాధలో ఉన్న మనిషిని గుర్తించడం, ఓపికగా వినడం, నిర్ణీత పద్ధతిలో కొంత సలహా సహాయం అందించడం, అవసరమైనవారిని వైద్యుని వద్దకు చేర్చడం, చికిత్స మధ్యలో మానివేయకుండా చూడడం వీరి పని.

భారతదేశంలో ఈ శిక్షణ అనేక రూపాలలో ఉన్నది. కొద్ది రోజుల తరగతి మొదలుకొని రెండు, మూడు సంవత్సరాల డిప్లొమా వరకు దీని వ్యవధి మారుతుంది. అయితే తరగతి ఎన్ని రోజులు జరిగిందన్న దాని కంటె, తరగతి ముగిసిన తరువాత ఆ కార్యకర్త పనిని ఎవరు, ఎంత తరచుగా పరిశీలిస్తున్నారన్నది ముఖ్యమని గోవాలోని అనుభవం సూచిస్తున్నది.

అవసరం

బెంగుళూరులోని నిమ్‌హాన్స్ (జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్రాల సంస్థ) 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నిర్వహించింది. ఈ సర్వే ప్రకారం వయోజనులలో 10.6 శాతం మంది ఆ సమయానికి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. చికిత్స అవసరమై కూడా పొందనివారి నిష్పత్తి రుగ్మతను బట్టి 70 నుండి 92 శాతం వరకు ఉన్నట్లు తేలింది. ఆ 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. కనుక ఈ అంకెలను తెలుగు ప్రాంతాలకు అన్వయించేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోవలసి ఉంటుంది.

దేశంలో లక్ష జనాభాకు ఒక మనోవైద్యుడు కూడా లేడు. ఉన్నవారు కూడా ఎక్కువగా నగరాలలోనే ఉన్నారు. ఒక మనోవైద్యుడు తయారు కావడానికి ఎం.బి.బి.ఎస్. తరువాత మరి మూడేళ్ళు పడుతుంది. ఈ లెక్కన నిపుణుల కోసమే ఎదురుచూస్తే కొన్ని తరాలు గడచిపోతాయి. అందుచేత నిపుణుడు చేసే పనిని భాగాలుగా విడదీసి, తక్కువ చదువుతో నేర్వగలిగిన భాగాలను ఇతరులకు అప్పగించే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. దీనిని పని పంపిణీ (టాస్క్ షేరింగ్) అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రారంభించిన ఎంహెచ్‌గ్యాప్ కార్యక్రమానికి కూడా ఇదే మూలసూత్రం.

చరిత్ర

వార్డు సహాయకుల కాలం

స్వాతంత్ర్యానికి పూర్వం మానసిక వైద్యశాలలలో తొలిమెట్టు ఉద్యోగి అంటే వార్డు సహాయకుడే. తలుపులకు తాళం వేయడం, రోగిని అదుపులో పెట్టడం, స్నానపానాలు చూడడం అతని పని. అందుకు శారీరక బలం ఉంటే చాలునని భావించేవారు. 1946 నాటి భోర్ కమిటీ నివేదిక కోసం మానసిక వైద్యశాలలను కల్నల్ మూర్ టేలర్ పరిశీలించాడు. అప్పటికి ఉన్న 19 వైద్యశాలలలో పడకల సంఖ్య 10 వేలకు కొంచెం పైన. ఆ వైద్యశాలలు చికిత్సాలయాల కంటె బందిఖానాలను ఎక్కువగా పోలి ఉన్నాయన్నది ఆనాటి పరిశీలన సారాంశం. కమిటీ సూచనలకు అనుగుణంగా 1954లో బెంగుళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. 1974లో ఇదే నిమ్‌హాన్స్‌గా రూపొందింది. మనోవైద్య నర్సింగులో ప్రత్యేక శిక్షణ దేశంలో వేళ్ళూనింది ఇక్కడే.

1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఒక క్రొత్త పద్ధతి ప్రవేశపెట్టాడు. రోగుల బంధువులను వైద్యశాల ఆవరణలోనే గుడారాలలో ఉంచి, రోగిని చూసుకొనే తీరు వారికి నేర్పించాడు. నిపుణులు కానివారికి మానసిక రోగి సంరక్షణ నేర్పవచ్చునని చూపిన తొలి భారతీయ ప్రయత్నాలలో ఇది ఒకటి. అప్పటివరకు రోగిని వైద్యశాలలో వదలి వెళ్ళడమే ఆనవాయితీగా ఉండేది.

గ్రామాలకు విస్తరణ

1975 ప్రాంతంలో రెండు ప్రయోగాలు ఇంచుమించు ఒకేసారి మొదలైనాయి. ఒకటి బెంగుళూరు సమీపంలోని సకలవార వద్ద నిమ్‌హాన్స్ చేపట్టినది. రెండవది చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్య సంస్థ హర్యానాలోని రాయపూర్ రాణీలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో చేపట్టినది. మలేరియా, కుటుంబ నియంత్రణ పనులు చేస్తున్న ఆరోగ్య కార్యకర్తలకే మూర్ఛ, తీవ్ర మానసిక వ్యాధుల లక్షణాలు నేర్పి, రోగులను గుర్తించేట్లు చేయడం ఈ ప్రయోగాల ఉద్దేశం. వీటి అనుభవంతోనే 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం రూపొందింది. కర్ణాటకలోని బళ్ళారి జిల్లాలో 1980లలో నిమ్‌హాన్స్ దీనిని జిల్లా స్థాయిలో అమలుచేసి చూపింది.

బళ్ళారి నమూనా ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాలలో ప్రారంభమైనది. అవి అస్సాంలోని నగావ్, రాజస్థాన్‌లోని సీకర్, తమిళనాడులోని తిరుచిరాపల్లి, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్. ఆ విధంగా ఈ కార్యక్రమపు తొలి జిల్లాలలో ఒక తెలుగు జిల్లా ఉన్నది. ఈ సంగతి ఇప్పుడు చాలామందికి తెలియదు.

ఏర్వాడి దుర్ఘటన

2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా సమీపంలోని ఒక ప్రైవేటు శరణాలయంలో అగ్నిప్రమాదం సంభవించి 28 మంది మానసిక రోగులు మరణించారు. వారిని గొలుసులతో కట్టివేసి ఉంచడం వలన తప్పించుకొనలేకపోయారు. సుప్రీం కోర్టు ఈ ఘటనను తనంత తానుగా విచారణకు స్వీకరించింది. అటువంటి ఆశ్రమాలను నడిపేవారికీ, వాటిలో పనిచేసేవారికీ మానసిక వ్యాధిని గురించి ఏ శిక్షణా ఉండేది కాదు. రోగి పారిపోకుండా చూడడమే సంరక్షణ అనుకొనేవారు. ప్రాథమిక శిక్షణ ఎందుకు అని ప్రశ్నించేవారికి ఈ ఒక్క ఉదంతం చాలును.

శిక్షణలోని అంశాలు

వినడం

శిక్షణలో మొదటిదీ, అన్నిటికంటె కష్టమైనదీ వినడం. మన సమాజంలో ఎవరైనా కష్టం చెప్పుకొంటే వెంటనే సలహా చెప్పడం మర్యాదగా భావిస్తారు. "ధైర్యంగా ఉండమ్మా", "దేవుడి మీద భారం వెయ్యి", "ఆలోచించడం మానెయ్", "నీకేం తక్కువ?" అనే మాటలు అప్రయత్నంగా వస్తాయి. చెప్పేవారి ఉద్దేశం మంచిదే. కాని వినేవారికి తన బాధ అల్పమైనదన్న అర్థం తోస్తుంది, ఆపైన నోరు విప్పరు. అందువలన శిక్షణలో జంటలుగా కూర్చోబెట్టి, ఒకరు బాధితులుగా, మరొకరు కార్యకర్తగా పాత్రాభినయం చేయిస్తారు. సలహా ఇవ్వకుండా పది నిమిషాలు వినమని చెబుతారు. తక్కినవారు చూసి, ఎక్కడ అడ్డుతగిలారో చెబుతారు. పెద్దలకూ, ఉపాధ్యాయ వృత్తిలో గడిపినవారికీ ఈ అలవాటు వదలుకొనడం మరీ కష్టం.

భాష

బాధను ప్రజలు ఏ మాటలలో చెప్పుకొంటారో తెలియడం శిక్షణలో మరొక ముఖ్యాంశం. కుంగుబాటు (డిప్రెషన్) అన్న మాటతో ఎవరూ ఆరోగ్య కేంద్రానికి రారు. తలనొప్పి, ఒళ్ళునొప్పులు, గుండెదడ, కడుపులో మంట, నీరసం, నిద్రలేమి అని వస్తారు. తెలుగునాట "మనాది పెట్టుకున్నాడు", "బెంగ పడింది", "గుండె గాబరాగా ఉంది", "నరాల బలహీనత", "మనసు ఏమీ బాగుండడం లేదు" అనే మాటలు వినవస్తాయి. "గాలి సోకింది", "చేతబడి చేశారు" అన్న వివరణలు కూడా ఉన్నాయి. శిక్షణ పొందిన కార్యకర్త ఈ మాటలను కొట్టిపారవేయరాదు. భూతవైద్యుని వద్దకు వెళ్ళవద్దని వాదానికి దిగితే ఆ కుటుంబం కార్యకర్తకే దూరమవుతుంది. అక్కడికి వెళ్ళినా సరే, మందులు మాత్రం మానవద్దని ఒప్పించడం మేలు.

"పిచ్చి" అన్న మాట గురించి ప్రత్యేకంగా చెప్పుకోవలసి ఉన్నది. హైదరాబాదులో "ఎర్రగడ్డ" అన్న ప్రాంతం పేరే, అక్కడ మానసిక ఆరోగ్య సంస్థ ఉన్న కారణాన, ఎగతాళి మాటగా మారిపోయింది. ఇటువంటి మాటలు కార్యకర్త నోటి నుండి రాకుండా చూడడం శిక్షణలో మొదటి రోజు పాఠం కావాలి.

ప్రశ్నావళులు

కుంగుబాటును పసిగట్టడానికి పి.హెచ్.క్యూ-9 అనే ప్రశ్నావళిని విస్తారంగా వాడుతారు. ఇందులో గత రెండు వారాల స్థితి గురించి తొమ్మిది ప్రశ్నలుంటాయి. ఒక్కొక్క ప్రశ్నకు 0 నుండి 3 వరకు మార్కులు, మొత్తం 27. సాధారణంగా 10 లేదా అంతకు మించి వచ్చినవారికి మరింత పరిశీలన అవసరమని భావిస్తారు. మొదటి రెండు ప్రశ్నలు మాత్రమే గల చిన్న రూపం పి.హెచ్.క్యూ-2ను ఆశా కార్యకర్తలు ఇంటింటి సర్వేలో నింపే పత్రంలో చేర్చారు. మద్యపానం విషయంలో పది ప్రశ్నల ఆడిట్ పత్రం వాడుకలో ఉన్నది.

ప్రశ్నావళి వ్యాధి నిర్ధారణ పత్రం కాదని శిక్షణలో పదే పదే చెప్పవలసి వస్తుంది. ఇటీవల ఇంట్లో ఎవరైనా మరణించినవారికీ, పంట పోయినవారికీ కూడా మార్కులు ఎక్కువగా రావచ్చు. మార్కు చూసి "నీకు ఈ జబ్బు ఉంది" అని చెప్పడం కార్యకర్త చేయకూడని పని.

ఆత్మహత్య ఆలోచన

పి.హెచ్.క్యూ-9లోని తొమ్మిదవ ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనలకు సంబంధించినది. క్రొత్త కార్యకర్తలు ఎక్కువగా దాటవేసేది ఈ ప్రశ్ననే. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని వారి భయం. అడగడం వలన ఆత్మహత్య ఆలోచన కలుగుతుందన్న దానికి ఆధారం లేదు. పైగా ఎవరో ఒకరు అడిగినందుకు బాధితులు ఊరట పొందుతారు. సూటిగా, మెల్లగా, గదిలో మరెవరూ లేనప్పుడు అడగాలి. అవునని సమాధానం వస్తే ఆ వ్యక్తిని ఒంటరిగా వదలకూడదు. నమ్మదగిన బంధువుకు చెప్పి, ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి. వ్యవసాయ కుటుంబాలలో పురుగుమందు డబ్బాలు ఇంటిలో ఉన్నవేమో విచారించి, ఉంటే తీసివేయించాలి. ఆత్మహత్య తలంపు చాలాసార్లు కొద్ది గంటలలో తీవ్రమై తగ్గిపోతుంది. ఆ సమయంలో విషం చేతికి అందకపోతే ప్రాణం దక్కే అవకాశం ఎక్కువ.

కార్యకర్త సాధారణంగా విన్నది బయటపెట్టకూడదు. ప్రాణాపాయం ఉన్నప్పుడు ఈ నియమానికి మినహాయింపు ఉన్నది. ఈ సంగతి సంభాషణ మొదట్లోనే బాధితులకు చెప్పి ఉంచాలి. మధ్యలో చెబితే మోసపోయినట్లు భావిస్తారు.

క్రియాశీలత పెంపు

మాటలతో చేసే చికిత్సలలో సామాన్య సలహాదారులకు నేర్పడానికి వీలైనది క్రియాశీలత పెంపు (బిహేవియరల్ యాక్టివేషన్). కుంగుబాటు వచ్చినవారు ఇష్టమైన పనులు ఒక్కొక్కటిగా మానివేస్తారు. మానిన కొద్దీ కుంగుబాటు పెరుగుతుంది. పొద్దున్నే వాకిట ముగ్గు పెట్టడం మానిన గృహిణి, సాయంత్రం రచ్చబండ వద్దకు వెళ్ళడం మానిన రైతు ఇందుకు ఉదాహరణలు. హుషారు వచ్చాక పని చేద్దామని వారు ఎదురుచూస్తుంటారు. ఈ పద్ధతిలో వరుస తలక్రిందులు చేస్తారు. ఒక చిన్న పనిని ఎన్నుకొని, ఫలానా రోజున ఫలానా వేళకు చేయాలని నిశ్చయించుకొని, చేసిన తరువాత మనసు ఎలా ఉన్నదో గుర్తు పెట్టుకొనమంటారు. తరువాతి వారం మరికొంత పెంచుతారు. చూడడానికి ఇది మామూలు హితబోధ వలె కనబడుతుంది. తేడా ఎక్కడంటే, పనిని ఎన్నుకొనేది బాధితులే. చేయలేకపోతే దానిని తప్పుగా పరిగణించక, అడ్డు ఏమిటో ఇద్దరూ కలసి వెదకుతారు.

గోవా అనుభవం

సామాన్య సలహాదారుల శిక్షణపై భారతదేశంలో జరిగిన పరిశోధనలలో ముఖ్యమైనవి గోవాలోని సంగత్ అనే స్వచ్ఛంద సంస్థ చేపట్టినవి. దీని వ్యవస్థాపకులలో మనోవైద్యుడు విక్రమ్ పటేల్ ఒకరు. మానస్ అనే పేరుతో జరిగిన పరిశోధనలో ఆరోగ్య రంగంతో పూర్వ పరిచయం లేని స్థానిక పట్టభద్ర మహిళలను తీసుకొని రెండు నెలల శిక్షణ ఇచ్చి, 12 ప్రభుత్వ, 12 ప్రైవేటు వైద్య కేంద్రాలలో ఈ పద్ధతిని పరీక్షించారు. ఫలితాలు 2010లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. ప్రభుత్వ కేంద్రాలలో ఆరు నెలల తరువాత కోలుకొన్నవారు సలహాదారులు ఉన్నచోట 65.9 శాతం కాగా, లేనిచోట 42.5 శాతం. ప్రైవేటు వైద్యుల వద్ద మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఈ రెండవ ఫలితాన్ని ప్రచారంలో తరచు విడిచిపెడతారు. ప్రైవేటు వైద్యులు తమ రోగులతో ఇదివరకే ఎక్కువ సేపు మాట్లాడుతూ ఉండడం ఇందుకు కారణం కావచ్చునని ఒక వివరణ.

తరువాతి పరిశోధనలో శిక్షణ విధానం మారింది. మూడు వారాల తరగతి, ఆ పిమ్మట ఆరు నెలలు పర్యవేక్షణలో అసలైన రోగులతో పని. క్రియాశీలత పెంపు ప్రధానంగా, 30 నుండి 40 నిమిషాల చొప్పున ఆరు నుండి ఎనిమిది సమావేశాలు జరిపేవారు. 2017లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం మూడు నెలలకు కుంగుబాటు లక్షణాల నుండి బయటపడినవారు 64 శాతం. మామూలు సేవలు మాత్రమే పొందినవారిలో ఇది 39 శాతం. ఇదే సంవత్సరం, ఇదే పత్రికలో, మద్యపాన సమస్య గల పురుషులకు నాలుగు సమావేశాల లోపు సలహా ఇచ్చే పద్ధతి ఫలితాలు కూడా వెలువడ్డాయి.

ఈ పరిశోధనలలో సలహాదారుల సంభాషణలను బాధితుల అనుమతితో రికార్డు చేసి, వారం వారం అందరూ కూర్చొని విని, ఒకరి పనికి మరొకరు మార్కులు వేసేవారు. నిపుణులు వేసిన మార్కులతో పోల్చి చూడగా, సలహాదారులు పరస్పరం వేసుకొన్నవి వాటికి దగ్గరగానే ఉన్నట్లు 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనం చెబుతున్నది. నిపుణుల కొరత ఉన్నచోట పర్యవేక్షణ ఎవరు చేయాలన్న చిక్కు ప్రశ్నకు ఇది కొంతవరకు సమాధానం. తరగతి మూడు వారాలే అయినా, దాని వెనుక ఆరు నెలల సాధన, వారం వారం సమీక్ష ఉన్నవి. ఈ రెంటినీ వదలి మూడు వారాల తరగతిని మాత్రమే అనుకరిస్తే అదే ఫలితం ఆశించడానికి వీలులేదు.

పశ్చిమ గోదావరి ప్రయోగం

పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2014 ప్రాంతంలో స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే ప్రయోగం చేపట్టింది. ఇందులో ఆశా కార్యకర్తలకు కుంగుబాటు, ఆందోళన లక్షణాలను గుర్తించడం నేర్పి, టాబ్లెట్ పరికరంలో ప్రశ్నావళి నింపే విధానం ఏర్పాటు చేశారు. ఆ సమాచారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యునికి అందుతుంది. వైద్యుని పరికరంలో తరువాతి చికిత్సకు సూచనలు ఉంటాయి. రోగి మందులు వాడుతున్నాడా లేదా అన్నది ఆశా కార్యకర్తకు మరల తెలుస్తుంది. పరీక్షలు మొదలుపెట్టడానికి ముందే గ్రామాలలో నాటికలు, వీడియోల ద్వారా మానసిక వ్యాధుల పట్ల చిన్నచూపు పోగొట్టే ప్రచారం జరిపారు.

30 గిరిజన గ్రామాలలో జరిపిన తొలి విడతలో, అవసరమైనవారిలో వైద్య సేవలు వినియోగించుకొన్నవారి నిష్పత్తి 0.8 శాతం నుండి 12.6 శాతానికి పెరిగింది. ఇది పెద్ద మార్పే గాని, 87 శాతానికి పైగా అప్పటికీ వైద్యుని వద్దకు చేరలేదన్న సంగతి కూడా ఇందులోనే ఉన్నది. ఆ తరువాత పశ్చిమ గోదావరితో పాటు హర్యానాలో కూడా పెద్ద ఎత్తున తులనాత్మక పరిశోధన జరిగింది. 2024లో ప్రచురితమైన దాని ఫలితాలలో ఈ పద్ధతి అమలైన చోట కుంగుబాటు తగ్గినట్లు వెల్లడైనది.

ఆశా కార్యకర్త ఆ ఊరి మనిషే కావడం ఇటువంటి పనిలో బలమూ, బలహీనతా. "వదినా", "పెద్దమ్మా" అని పిలిచే చనువు వలన తలుపులు తెరచుకొంటాయి. కాని చెప్పిన మాట ఊరంతా పాకుతుందేమోనన్న భయం కూడా ఆ చనువు వెంటే ఉంటుంది. గోప్యతను గురించిన పాఠానికి గ్రామీణ శిక్షణలో ఎక్కువ సమయం కేటాయించవలసిన కారణం ఇదే.

ప్రవేశ మార్గాలు

మానసిక ఆరోగ్య సేవలను వృత్తిగా చేపట్టదలచినవారికి భారతదేశంలో కొన్ని మార్గాలున్నాయి. నర్సింగు అన్నిటికంటె స్థిరమైనది. జనరల్ నర్సింగు డిప్లొమాలోను, బి.ఎస్‌సి. నర్సింగులోను మానసిక ఆరోగ్య నర్సింగు తప్పనిసరి పాఠ్యాంశం. విద్యార్థులు మానసిక వైద్యశాలలో కొంతకాలం పనిచేయవలసి ఉంటుంది. ఆ తరువాత ఒక సంవత్సరం మనోవైద్య నర్సింగు డిప్లొమా చేయవచ్చును. తెలుగు రాష్ట్రాలలో ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఇటువంటి అనుభవానికి ప్రధాన కేంద్రాలు.

మనస్తత్వశాస్త్రంలోగాని, సమాజసేవలోగాని పట్టా పొందినవారు సలహాదారులుగా చేరుతుంటారు. అయితే మనస్తత్వశాస్త్రంలో బి.ఏ. లేదా ఎం.ఏ. చేసినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు అని పిలుచుకొనడానికి వీలులేదు. అందుకు భారత పునరావాస మండలి గుర్తించిన ప్రత్యేక చదువు, ఆ మండలి వద్ద నమోదు తప్పనిసరి. కొద్ది వారాల సర్టిఫికెట్ కోర్సు చేసి బోర్డు కట్టేవారున్నారు. విద్యార్థులు చేరబోయే ముందు ఆ కోర్సు ఏ ఉద్యోగానికి అర్హత కల్పిస్తుందో, దానిని ఏ చట్టబద్ధ సంస్థ గుర్తించిందో విచారించుకొనడం అవసరం.

2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ జాతీయ సేవ (ఫోను 14416) ఈ రంగంలో క్రొత్త ఉద్యోగాలు కల్పించింది. ఫోను మొదట ఎత్తేది శిక్షణ పొందిన సలహాదారు. అవసరమైతే పిలుపును నిపుణునికి బదిలీ చేస్తారు. తెలుగుతో సహా 20 భాషలలో సేవలు అందుతున్నాయి. 2025 నాటికి 20 లక్షలకు పైగా పిలుపులు వచ్చాయి. ఫోనులో ఎదుటి మనిషి ముఖం కనబడదు. గొంతులోని మార్పును, మౌనాన్ని బట్టి గ్రహించవలసి ఉంటుంది. అందువలన ఈ పనికి విడిగా సాధన కావాలి.

స్వచ్ఛందంగా పనిచేసేవారికి ఆత్మహత్యా నివారణ కేంద్రాలు మరొక మార్గం. చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో స్థాపించిన స్నేహ వీటిలో పేరెన్నిక గన్నది. సికింద్రాబాదులోని రోష్ని కూడా ఇటువంటిదే.

చట్టాలు

2018 మే 29 నుండి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 తొలిమెట్టు ఉద్యోగులు కూడా తెలుసుకోవలసినది. రోగిని ఏ విధంగానైనా గొలుసులతో బంధించడాన్ని ఈ చట్టం నిషేధించింది. శారీరక నిర్బంధం తప్పనిసరి అయినప్పుడు, రోగికిగాని ఇతరులకుగాని తక్షణ హాని తప్పించడానికి వేరే దారి లేనప్పుడు మాత్రమే, బాధ్యత గల మనోవైద్యుని అనుమతితో చేయాలి. దానిని శిక్షగా వాడరాదు, సిబ్బంది చాలలేదన్న సాకుతో వాడరాదు. రాత్రి డ్యూటీలో ఒకే సహాయకుడు ఉన్న వార్డులో ఈ నిబంధన పాటించడం ఎంత కష్టమో అక్కడ పనిచేసేవారికే తెలుస్తుంది. ఆవేశంలో ఉన్న రోగితో దూరం పాటిస్తూ, గొంతు తగ్గించి మాట్లాడి శాంతపరచే నైపుణ్యం నేర్పకుండా కేవలం నిషేధం వల్ల ప్రయోజనం కొద్దిపాటిదే.

2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం మానసిక ఆరోగ్య సహాయక కార్యకర్తలను ప్రవర్తన ఆరోగ్య శాస్త్రాల విభాగంలో చేర్చింది. తొలిమెట్టు ఉద్యోగానికి చట్టంలో ఒక పేరు దొరకడం విశేషం. ఈ చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తినిపుణునిగా గుర్తింపు కావాలంటే రెండు నుండి నాలుగేళ్ళలో కనీసం 2000 గంటల చదువు ఉండాలి. ఆశా కార్యకర్తల స్వల్పకాలిక శిక్షణ, గోవాలోని సామాన్య సలహాదారుల శిక్షణ ఈ కొలతకు అందవు. గంటలు పెంచితే వృత్తికి గౌరవం, జీతం, బదిలీ అవకాశం పెరుగుతాయి. కాని గ్రామంలోని మధ్యవయస్కురాలైన కార్యకర్త అన్ని గంటలు ఇల్లు వదలి చదవలేదు. ఈ రెండు అవసరాలను ఎలా పొసగించాలన్నది ఇంకా తేలవలసి ఉన్నది.

సమస్యలు

ఆశా కార్యకర్తలు ప్రధానంగా పనిని బట్టి ప్రోత్సాహకం పొందేవారు. ప్రసవాలు, టీకాలు, క్షయ, రక్తపోటు సర్వేల మీద మానసిక ఆరోగ్యం మరొక బరువుగా వచ్చి చేరింది. కుంగుబాటుతో ఉన్న ఒక మనిషి వద్ద అరగంట కూర్చొన్న దానికి రిజిస్టరులో గడి ఉండదు. గడి లేని పని క్రమంగా వెనుకబడుతుంది.

మరొకటి కార్యకర్తల సొంత మనఃస్థితి. ఇతరుల దుఃఖం రోజూ వినేవారికి నిద్రలేమి, చిరాకు, నిరాసక్తత కలగడం సహజం. తాను సంభాషించిన వ్యక్తి ఆత్మహత్య చేసుకొన్నప్పుడు కార్యకర్త తన తప్పేనని కుమిలిపోతాడు. అటువంటప్పుడు పై అధికారి మొదట అడిగేది వివరణ పత్రమే అయితే, ఆ కార్యకర్త మరల తొమ్మిదవ ప్రశ్న అడగడు. మంచి శిక్షణ కార్యక్రమాలలో ఇటువంటి ఘటన తరువాత కార్యకర్తతో మాట్లాడే బాధ్యతను ముందుగానే ఒకరికి అప్పగిస్తారు.

పంపించిన రోగిని చూడడానికి వైద్యుడు లేకపోవడం మూడవ చిక్కు. ఇరవై కిలోమీటర్లు బస్సులో వెళ్ళి, "డాక్టరుగారు ఈ వారం రాలేదు" అని వెనుదిరిగిన రోగి రెండవసారి వెళ్ళడు, కార్యకర్త మాటా వినడు. మందులు అయిపోయిన నెలలో కూడా ఇదే జరుగుతుంది.

ఇతర దేశాలలో

పాకిస్తాన్‌లోని రావల్పిండి ప్రాంతంలో లేడీ హెల్త్ వర్కర్లకు శిక్షణ ఇచ్చి, గర్భిణులు, బాలింతలలో కుంగుబాటుకు మాటలతో చికిత్స చేయించారు. 2008లో లాన్సెట్‌లో ప్రచురితమైన ఫలితాలలో, ప్రసవించిన ఆరు నెలలకు కుంగుబాటుతో ఉన్నవారు ఆ చికిత్స పొందినవారిలో 23 శాతం, పొందనివారిలో 53 శాతం. జింబాబ్వేలో మనోవైద్యుడు డిక్సన్ చిబాండా ప్రారంభించిన ఫ్రెండ్‌షిప్ బెంచ్ పథకంలో ఆరోగ్య కేంద్రం ఆవరణలోని చెక్కబల్ల మీద కూర్చొని నాయనమ్మ, అమ్మమ్మ వయసు స్త్రీలు బాధితులతో మాట్లాడుతారు. దీని ఫలితాలు 2016లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వెలువడ్డాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ప్రాబ్లెమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ అనే పద్ధతిలో ఐదు సమావేశాలుంటాయి. నిపుణులు కానివారు నడపడానికి వీలుగా దీనిని తయారుచేశారు.